ఆరో వారం ఏడుపు... అర్ధరాత్రి ఏం చేయాలి?

చీకటి పడేదాకా బాగానే ఉంటుంది. పాలు తాగుతుంది, కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. ఇల్లు సద్దుమణిగి, లైట్లు ఆర్పి మీరు నడుం వాల్చే సమయానికి గుక్కపట్టి ఏడుపు అందుకుంటుంది. పాలిచ్చినా, ఎత్తుకున్నా, గుడ్డ మార్చినా ఊరుకోదు. నెలన్నర బిడ్డ ఉన్న ఇంట్లో ఇదంతా మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకరు దిష్టి తగిలిందంటారు. మరొకరు వాతం చేసింది, వస అరగదీసి నాకించమంటారు. ఇంకెవరో బాలింత వైపు చూసి, ‘పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు మొదలుపెట్టండి’ అనేస్తారు. వీటన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది ఆ చివరి మాట. నిద్ర లేక సగమైపోయిన తల్లి దాన్ని నిజమని నమ్మేస్తుంది.

నిజానికి ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రాత్రిపూట అలా ఏడవడానికి తల్లి పాలతో సంబంధం ఉండకపోవచ్చు. బిడ్డ రోజుకు ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు మూత్రం పోస్తూ, రోజుకు పాతిక నుంచి ముప్పై గ్రాముల చొప్పున బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఈ లెక్క ఒక్కటి కాగితం మీద రాసి పెట్టుకుంటే సగం వాదనలు ఆగిపోతాయి.

ఎక్కే మెట్లు, దిగే మెట్లు

అమెరికా పిల్లల వైద్యుడు బెర్రీ బ్రాజెల్టన్ 1962లో ఒక చిన్న పని చేశారు. ఎనభైమంది తల్లులతో బిడ్డల ఏడుపు డైరీ రాయించారు. రెండో వారంలో పిల్లలు రోజు మొత్తం మీద సుమారు గంటా ముప్పావు ఏడ్చారు. ఆరో వారానికి అది రెండు గంటల నలభై అయిదు నిమిషాలకు చేరింది. పన్నెండో వారానికి గంట లోపుకు దిగిపోయింది. ఏడుపులో ఎక్కువ భాగం సాయంత్రం, రాత్రి వేళల్లోనే. ఆ తర్వాత ఇతర దేశాల్లో చూసినవారికీ ఎక్కువగా ఇదే తీరు కనిపించింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆరు వారాలను పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి.

అంటే మీ బిడ్డ ఏడుపు వారం వారం పెరుగుతుంటే అది మీ చేతకానితనం కాదు. మెట్లు ఎక్కుతోంది, అంతే. దిగే మెట్లు కూడా ఉన్నాయి.

దీన్నే డాక్టర్లు కోలిక్ అంటారు. రోజుకు మూడు గంటలు, వారానికి మూడు రోజులు, మూడు వారాల పాటు అనే లెక్క మారిస్ వెస్సెల్ అనే వైద్యుడు 1954లో చెప్పింది. 2016లో నిపుణులు సవరించిన ‘రోమ్ 4’ ప్రమాణాలు ఆ గంటల లెక్కను పక్కనపెట్టాయి. అయిదు నెలల లోపు బిడ్డ స్పష్టమైన కారణం లేకుండా, తరచూ, చాలాసేపు ఏడుస్తూ, ఊరడించినా ఊరుకోకపోతే, ఎదుగుదల బాగుండి జ్వరం, జబ్బు లేకపోతే కోలిక్ అనుకోవచ్చు. పేరు చూసి కడుపు నొప్పి అనే అనుకుంటాం. కాళ్లు పొట్టకేసి ముడుచుకోవడం, గ్యాస్ పోవడం ఏడుపు వల్ల కూడా జరుగుతాయి. ఏడుస్తూ గాలి మింగుతుంది మరి. పగలేదో రాత్రేదో చెప్పే శరీర గడియారం ఇంకా కుదురుకోకపోవడం, చుట్టూ ఉన్న సందడిని తట్టుకునే శక్తి నరాలకు రాకపోవడం కూడా ఇందులో ఉన్నాయి.

ఆరో వారంలోనే మరో రెండు సంగతులు కలిసి వస్తాయి. మొదటిది టీకా. పెంటావాలెంట్ మొదటి డోసు ఆరు వారాలకే వేస్తారు. ఆ రాత్రి జ్వరం, తొడ నొప్పి సహజం. సూది వేసిన చోట చల్లటి తడి గుడ్డ వేయండి. పారాసెటమాల్ చుక్కలు టీకా వేసినవారు బిడ్డ బరువు చూసి చెప్పిన మోతాదులోనే ఇవ్వండి. రెండోది ఆశా కార్యకర్త రాక. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడటం ఆమె విధి. ఆ 42వ రోజు సరిగ్గా ఏడుపు తారస్థాయిలో ఉండే వారం. మాకు ప్రైవేటు డాక్టర్ ఉన్నారులే అని గేటు దగ్గరే పంపేయకండి. బరువు తూయించండి. ‘పాలు చాలడం లేదు’ అనే మాటకు ఆ అంకే జవాబు.

ముందు ఒక నిమిషం ఆగండి

చంటిబిడ్డ నిద్రలో సగం కలత నిద్రే. కళ్లు మూసుకునే మూలుగుతుంది, మొహం చిట్లిస్తుంది, నాలుగైదు సెకన్లు ఏడుపు గొంతు కూడా పెడుతుంది. పక్కనే పడుకున్న మనం కంగారుపడి లైటు వేసి, ఎత్తుకుని, నిద్రపోతున్న బిడ్డను మనమే లేపేస్తాం. లైటు వేయకుండా, ఒక అరచేయి గుండె మీద ఆనించి నిమిషం చూడండి. చాలాసార్లు మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. ఆ నిమిషంలో ఏడుపు పెరిగితే అప్పుడు ఎత్తుకోండి.

ఎత్తుకున్నాక వరసగా చూడాల్సినవి అందరికీ తెలిసినవే. ఆకలి, తడిసిన గుడ్డ, తేన్పు, ఉక్క. పుట్టిన మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు కావాలి, రాత్రి కూడా. సాయంత్రాలు గంటకోసారి అడిగే పిల్లలుంటారు, అది పాలు తక్కువై కాదు. పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు చివరిది. అక్కడిదాకా రానిస్తే బిడ్డ రొమ్ము సరిగా పట్టలేదు, గాలి మింగుతుంది, మళ్లీ ఏడుస్తుంది.

ఉక్క గురించి మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో, కిటికీలు బిగించిన గదిలో, టోపీ, సాక్సులు, పైన ఊలు దుప్పటి... బాలింత గది కాబట్టి ఫ్యాను వేయకూడదట! అలాంటి బిడ్డ ఏడవకపోతే ఆశ్చర్యపోవాలి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి. మీకు ఎన్ని బట్టలు సరిపోతున్నాయో బిడ్డకు అన్నే, మహా అయితే ఒకటి ఎక్కువ. ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొట్టకుండా తిప్పుకుంటే చాలు. దాహమేమోనని మంచినీళ్లు పట్టకండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే నీళ్లు కూడా.

భుజం మీద అయిదు నిమిషాలు

పాలు తాగింది, గుడ్డ పొడిగా ఉంది, అయినా ఏడుస్తోంది. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. చేతులే మందు అని అవ్వలు ఎప్పుడూ అంటూనే ఉన్నారు. ‘ఎత్తుకునే అలవాటు చేయకు, చేతులకు మరిగిపోతుంది’ అని అనేదీ ఆ అవ్వలే, అది వేరే సంగతి. మొదటి మాటే నిలబడింది. కెనడాలోని మాంట్రియల్‌లో 1986లో జరిగిన పరిశీలనలో, ఏడ్చినా ఏడవకపోయినా రోజూ అదనంగా ఎత్తుకు తిప్పిన పిల్లలు ఆరు వారాల వయసులో మిగతావారికన్నా 43 శాతం తక్కువసేపు ఏడ్చారు. సాయంత్రపు ఏడుపు సగానికి తగ్గింది. మూడు నెలల లోపు బిడ్డను ఎత్తుకుని పాడుచేయడం అంటూ ఏదీ లేదు.

ఎలా ఎత్తుకోవాలన్నదానికి జపాన్ నుంచి పనికొచ్చే సలహా ఉంది. రికెన్ సంస్థలో కుమీ కురోదా బృందం 2022లో ఏడుస్తున్న పిల్లలను తల్లులు నాలుగు రకాలుగా ఊరడిస్తుండగా గుండె వేగం కొలిచింది. కదలకుండా ఎత్తుకుని కూర్చుంటే ఏడుపు తగ్గలేదు. ఎత్తుకుని ఆగకుండా అయిదు నిమిషాలు నడిస్తే ఏడుపు ఆగింది, సగం మందికి దగ్గర నిద్ర కూడా పట్టింది. కానీ పడుకున్నారు కదా అని వెంటనే పక్క మీద దింపితే చాలామంది మళ్లీ లేచారు. తల్లి ఒంటి నుంచి విడిపోయే క్షణంలోనే గుండె వేగం పెరుగుతోంది. అందుకని వాళ్లు చెప్పిన కిటుకు ఇది: అయిదు నిమిషాలు నడవండి, నిద్రపోయాక ఎత్తుకునే మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోండి, అప్పుడు దించండి.

ఈ రాత్రి ప్రయత్నించి చూడండి. హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒకే వేగంతో, మధ్యలో ఆగి ఫోను చూడకుండా. బిడ్డ తలకు మీ చెయ్యి ఆసరాగా ఉండాలి. దించేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల ఆననివ్వండి. చెయ్యి వెంటనే లాగేయకుండా కాసేపు గుండె మీదే ఉంచండి. ఒకటి రెండు రాత్రులు పని చేయకపోయినా మానేయవద్దు. ఈ నడక తల్లే నడవాలని ఎక్కడా రాసి లేదు. తండ్రి భుజం వెడల్పుగా ఉంటుంది, పాల వాసన ఉండదు, కాబట్టి బిడ్డ పాల కోసం వెతుక్కోకుండా తొందరగా కుదురుకుంటుంది కూడా.

తిరుపతి ఇళ్లకు ఒక ఇబ్బంది

ఊళ్లో ఇల్లున్నందుకు దర్శనానికి వచ్చిన చుట్టాలంతా మనింట్లోనే దిగుతారు. కొండ దిగి వచ్చి, లడ్డూ చేతిలో పెట్టి, రాత్రి పది గంటల దాకా బిడ్డను చేతులు మారుస్తూ ముద్దు చేస్తారు. ప్రేమే, కాదనలేం. అయితే ఆ గోలంతా అర్ధరాత్రి ఏడుపై తిరిగి వస్తుంది. ఏడు గంటల తర్వాత బిడ్డ లోపలి గదిలో ఉంటుందని నాన్నమ్మో తాతయ్యో మొహమాటం లేకుండా చెప్పేస్తే మంచిది. ఆ మాట కోడలి నోటి నుంచి వస్తే గొడవవుతుంది, పెద్దవాళ్ల నోటి నుంచి వస్తే ఎవరూ ఏమనుకోరు.

పగలుకు, రాత్రికి తేడా చూపించాలి. ఉదయం గదిలోకి వెలుతురు రానివ్వండి. పగలు బిడ్డ నిద్రపోతోందని ఇంట్లో అందరూ గుసగుసలాడనక్కర్లేదు. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం, మాటలు తక్కువ. బిడ్డ మొహాన ఫోను వెలుగు పడనివ్వద్దు. ఫోనులో జోలపాట పెట్టి చెవి పక్కన ఉంచేవారున్నారు. అది గదికి ఆ చివర, సన్నగా మోగితే సరే.

రోజూ ఒకే క్రమం అలవాటు చేయడం ఇంకో పద్ధతి. ఈ ఊరివాళ్లకు వివరించి చెప్పే పని లేదు. తిరుమల ఆలయంలో రోజూ చివరగా జరిగే ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని ఉయ్యాల మంచం మీద శయనింపజేసి, పాలు నివేదించి, తాళ్లపాక వంశంవారు జోల పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. ఆ వరస మారదు. మీ ఇంట్లోనూ వెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడవడం, పొడి బట్టలు, పాలు, దీపం తగ్గించడం, ఒకే పాట అన్న వరస రోజూ ఒకే వేళకు ఉంటే మూడో నెల వచ్చేసరికి బిడ్డకు అది నిద్ర సైగ అవుతుంది. ఆరో వారంలోనే ఫలితం ఆశించకండి. స్వామికే తెల్లవారుజామున సుప్రభాతం పాడి లేపేస్తారు, నెలన్నర బిడ్డ రాత్రంతా పడుకోవాలంటే ఎలా?

సానరాయి దగ్గర జాగ్రత్త

ఇక మందుల సంగతి. వసకొమ్ము, జాజికాయ, కరక్కాయ సానరాయి మీద అరగదీసి నాలుకకు రాయడం చిత్తూరు పల్లెల్లోనే కాదు, తిరుపతి అపార్ట్‌మెంట్లలోనూ ఉంది. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. దీనివల్లే అమెరికా 1968లో ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. జాజికాయ మోతాదు మించితే మత్తు. బిడ్డ ‘హాయిగా నిద్రపోయింది’ అని మనం సంబరపడేది ఆ మత్తునే కావచ్చు. తేనెలో రంగరించి నాకిస్తే ఇంకో ప్రమాదం, ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు. ఉగ్గుగిన్నెతో ఆముదం పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కులో నూనె చుక్కలూ అంతే. నీళ్లు పోసే ఆమె ఎంత అనుభవం ఉన్నదైనా ఈ ఒక్క పని వద్దని చెప్పండి. సాంబ్రాణి పొగ, దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయల ఘాటు బిడ్డ ఉన్న గదిలోకి రాకూడదు. దిష్టి తీసుకోండి, ఎవరూ కాదనరు. ఆ నిప్పులు వీధి గుమ్మం బయటే ఉంచండి.

గోరువెచ్చటి నూనెతో పొట్ట మీద గడియారం తిరిగే దిశలో మెల్లగా రాయడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం వల్ల హాని లేదు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు.

గ్రైప్‌వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసింది. అప్పటి మందులో ఆల్కహాల్ కూడా ఉండేది. బిడ్డలు ఊరుకున్నారంటే ఊరుకోరా మరి! ఇప్పటి సీసాల్లో ఆల్కహాల్ లేకపోయినా, కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. గ్యాస్ చుక్కల సంగతీ దాదాపు అంతే. మందుల షాపులో ‘పాప ఏడుస్తోంది’ అని చెప్పి చుక్కలు తెచ్చుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. డైసైక్లోమైన్ ఉన్న కడుపునొప్పి మందు ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. మగత కోసం జలుబు సిరప్ పట్టడం గురించి చెప్పనే అక్కర్లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది.

పాలిచ్చే తల్లికి పప్పు, వంకాయ మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెట్టే పథ్యాల వల్ల ఏడుపు తగ్గదు, తల్లి నీరసిస్తుంది. కాఫీ రోజుకు ఒకటి రెండు గ్లాసులకు మించకపోతే చాలు.

ఎక్కడ పడుకోబెట్టాలి

చీర ఉయ్యాలలో ఊపితే బిడ్డ ఊరుకుంటుంది. మీ కళ్లెదుట కాసేపు పరవాలేదు. రాత్రంతా అందులోనే వదిలేస్తే వంపులో తల ముందుకు వాలి గడ్డం గుండెకు ఆనుతుంది, ఊపిరి ఆడదు. నిద్రపోయాక గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు, పక్కన మెత్తటి దిళ్లు, మొహం మీదికి వచ్చే దుప్పటి వద్దు. దోమతెర ఉంచండి. పాలిస్తూ సోఫాలో తల్లి కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదకరం. అర్ధరాత్రి పాలకు సోఫా కన్నా చాప మేలు.

ఈ ఏడుపులు వేరు

రోజూ వినే ఏడుపు కాకుండా, సన్నగా కీచుమంటూ ఏడుస్తుంటే, లేదా బిడ్డ నీరసించి మూలుగుతుంటే తెల్లవారేదాకా ఆగకండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం, పాలు పట్టకపోవడం, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, ఫిట్స్, ఉబ్బిన మాడు, డొక్కలు ఎగరేయడం, గజ్జల్లో గట్టిగా తగిలే వాపు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అత్యవసరమే. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, ఏది దగ్గరైతే అక్కడికి. చిత్తూరువాళ్లు వేలూరు సీఎంసీకి వెళ్దామని అర్ధరాత్రి కారు తీస్తుంటారు. ముందు దగ్గరలో చూపించి, తర్వాత అవసరమైతే వెళ్లండి. వాహనం లేకపోతే 108.

ఆసుపత్రికి బయల్దేరే ముందు బట్టలన్నీ విప్పి ఒకసారి చూడండి. బాలింతలకు జుట్టు రాలుతుంది. ఆ వెంట్రుక బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిసి, వేలు వాచిపోతుంది. మొలతాడు, మణికట్టు నల్లదారం బిడ్డ పెరిగేకొద్దీ బిగుస్తాయి. పెద్దలు గమనించని ఏడుపులకు ఇవి కారణం కావచ్చు.

మరొకటి. పాలు తాగుతూ మధ్యమధ్య ఆగి ఆయాసపడుతూ, నుదుట చెమటలు పడుతుంటే, బరువు పెరగకపోతే అది కోలిక్ కాదు, గుండె పరీక్ష చేయించాలి. 2021లో టీటీడీ ఆధ్వర్యంలో మొదలైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తిరుపతిలోనే ఉంది.

తల్లి సంగతి ఎవరు చూస్తారు?

ఆరో వారానికి ఇంట్లో అందరి దృష్టీ బిడ్డ మీదే. తల్లి వరసగా మూడు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో అడిగేవారుండరు. రాత్రిని రెండు ముక్కలు చేసుకోండి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తల్లి పడుకుంటే, ఏడ్చిన బిడ్డను ఎత్తుకు తిప్పే పని తండ్రిదో అమ్మమ్మదో. పాలకు మాత్రం బిడ్డను తల్లి దగ్గరికి తెచ్చి, తాగాక తీసుకెళ్లాలి, తేన్పు వాళ్లే తీయాలి. తండ్రికి తెల్లవారుజామున డ్యూటీ ఉంటే ముందు సగం ఆయనది.

ఎంత ప్రేమున్నా మూడో గంట ఏడుపుకు ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అలా అనిపించినప్పుడు బిడ్డను వెల్లకిలా సురక్షితంగా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు వరండాలోకి వెళ్లండి. మొహం కడుక్కోండి. ఆ పది నిమిషాలు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. కోపంతో పట్టుకుని కుదిపితే అవుతుంది. మెడ నిలవని బిడ్డ తల బరువుగా ఊగి మెదడులో రక్తనాళాలు తెగుతాయి, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కుదపడం వేరు, ఊపడం వేరు. ఇంట్లో పెద్ద పిల్లలకూ, పనిమనిషికీ ఈ తేడా చెప్పండి.

కాన్పయిన మొదటి పది పదిహేను రోజులు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందిలో ఉంటుంది, తగ్గిపోతుంది. అది దాటాక కూడా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, ‘నేను లేకపోతేనే దీనికి మంచిది’ లాంటి మాట ఒక్కసారి నోటి నుంచి వచ్చినా, ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఏ వేళలోనైనా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పక్కనున్న అమ్మో భర్తో చేసినా వింటారు.

మూడో నెలకో అయిదో నెలకో బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి వెళ్తారు. అప్పటికి మెట్లు దిగిన ఏడుపు కొత్త ఇంట్లో రెండు మూడు రాత్రులు మళ్లీ వినిపించవచ్చు. గది మారింది, గొంతులు మారాయి. రాత్రి ఆకలికి ఒకటి రెండుసార్లు లేవడం అప్పటికీ ఉంటుంది. పుట్టింట్లో పరిచిన ఉతికిన పాత చీర దుప్పటి ఒకటి, పడుకోబెట్టే వేళ, పాడే పాట వెంట తీసుకెళ్లండి. వెళ్లేముందు అత్తగారికి ఫోన్ చేసి ఆ వరస చెప్పి ఉంచితే, మొదటి రాత్రి బిడ్డ లేచినప్పుడు ఆ ఇంట్లో ఎవరూ సానరాయి కోసం వెతకరు.